అక్కాతమ్ముళ్ల రాడ్: ఒక టీఎంటీ కంపెనీ టీవీ ప్రకటనలు ఎలా తయారయ్యాయి

ఆ పని మా ప్రకటనల ఏజెన్సీకి వచ్చిన రోజు, మొదటి మీటింగ్‌లోనే ఛైర్మన్ గారు ఒక పెద్ద హీరో పేరు చెప్పి, ఆయన డేట్లు దొరికితే చాలు, మిగతాది మీరు చూసుకోండి అన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో టీఎంటీ రాడ్లు, అంటే ఇంటి స్లాబులో, పిల్లర్లలో వేసే ఇనుప కడ్డీలు అమ్మే కంపెనీ అది. ఒప్పందం ఉంది కాబట్టి పేరు రాయను. సొంత రోలింగ్ మిల్లు ఉంది, సరుకు మంచిది, డీలర్లందరికీ తెలిసిన పేరే, కానీ ఇల్లు కట్టుకునే మనిషి షాపుకి వెళ్లి తనంతట తాను అడిగే పేరు కాదు. టీవీలో కనిపిస్తే అడుగుతారని ఆయన ఆశ. అది తప్పేం కాదు. అయితే హీరోకి ఇచ్చేది పోగా మిగిలే డబ్బుతో సంక్రాంతి తర్వాత ఒక నెల ప్రకటన వేసి ఆపేయాల్సి వస్తుంది, ఇళ్ల పనులు అసలు ఊపందుకునేదేమో అప్పటి నుంచి మే నెల దాకా.

రెండో మీటింగ్‌కి నేను మాటలు తగ్గించి టీవీ పెట్టాను. రకరకాల కంపెనీల రాడ్ల ప్రకటనలు ఎనిమిది, సౌండ్ తీసేసి, చివర పేరు వచ్చే సెకన్లు కత్తిరించి, వరసగా వేశాం. హీరో పిల్లర్‌ని గుద్దుతాడు, తుఫాను వస్తుంది, పులో సింహమో గర్జిస్తుంది, ఇల్లు నిలబడుతుంది. ఎనిమిదిలో ఏడింట్లో ఇదే వరస. వాటిలో తమ కంపెనీ పాత ప్రకటన కూడా ఉంది, అది ఎన్నోదో చెప్పడానికి ఆ గదిలో ఉన్న మార్కెటింగ్ వాళ్లకి కాసేపు పట్టింది. ఛైర్మన్ గారు ఇంకోసారి వేయమన్నారు. రెండోసారి చూశాక, సరే, హీరో సంగతి తర్వాత చూద్దాం, ముందు మీరు తిరిగి రండి అన్నారు.

తిరిగాం. మూడు వారాలు నేనూ, ప్రకటనలకి మాటలు రాసే మా కాపీ రైటర్ అమ్మాయీ ఐరన్ షాపుల్లో, కట్టే ఇళ్ల దగ్గర కూర్చున్నాం, ఖమ్మం, రాజమండ్రి, కర్నూలు, హైదరాబాద్ శివార్లు. మొదటి వారంలోనే ఒకటి అర్థమైంది. షాపులో ఎవరూ ‘ఉక్కు’ అనరు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని వీధుల్లోకి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు మన దగ్గర, 1971లో శంకుస్థాపన అయిన ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసేసరికి 1992 వచ్చింది, ఆ మాట వెనక అంత చరిత్ర ఉంది. ఉక్కు మనిషి అంటాం, ఉక్కు సంకల్పం అంటాం. షాపు ముందు బండి ఆపినవాడు మాత్రం ‘ఐరన్ రేటు తగ్గిందా అన్నా’ అంటాడు, ‘పన్నెండు ఎంఎం ఓ టన్ను, ఎనిమిది ఎంఎం ఓ అర టన్ను పంపించు’ అంటాడు. అప్పటిదాకా వచ్చిన ప్రకటనలన్నీ ఆ పెద్ద మాట బరువునే మోస్తున్నాయి, ఇంట్లో కూర్చుని చూసే మనిషి బతుకులో రాడ్ ఉండే చోటు వేరు. ఆ రోజే నోట్‌బుక్‌లో రాసుకున్నాం, స్క్రిప్టులో ఉక్కు అనే మాట రాకూడదని.

ఇంకోటి, రాడ్ ఎవరికీ కనిపించదు. టైల్స్ కోసం ఇంటిల్లిపాదీ నాలుగు షాపులు తిరుగుతారు, రంగు కోసం గొడవపడతారు, తలుపు చెక్క మీద చేయి వేసి చూస్తారు. రాడ్ గ్రేడు ఇంజనీర్ రాస్తాడు, కంపెనీ పేరు మేస్త్రీ చెప్తాడు, షాపులో ఉన్న సరుకు డీలర్ అంటగడతాడు, డబ్బు ఒక్కటే ఇంటివాళ్లది. కాంక్రీటు పోసే ముందు రోజు సాయంత్రం మాత్రం ఆ ఇంటివాళ్లంతా వచ్చి సెంట్రింగ్ మీద, అల్లిన రాడ్ల మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ నిలబడి ఫోటోలు దిగుతారు. అలాంటి ఫోటోలు ఎంతోమంది ఫోన్లలో చూపించారు నాకు. తెల్లారి కాంక్రీటు పడిందంటే ఇక ఆ రాడ్ ఎవరికీ కనిపించదు. మన ప్రకటన సినిమా ఆ సాయంత్రమే జరగాలని అప్పుడే అనిపించింది.

అసలు సంగతి దొరికింది రాజమండ్రి దగ్గర ఒక సైట్‌లో. ఒక పెద్దాయన, రాడ్ బెండింగ్ మేస్త్రీ, చెక్కకి మేకులు కొట్టుకుని పిల్లర్ రాడ్ల చుట్టూ వేసే రింగులు వంచుతున్నాడు, ఎనిమిది ఎంఎం రాడ్ ఆయన చేతిలో తీగలా తిరుగుతోంది. పక్కన ఒక విరిగిన రింగు పడి ఉంటే ఏమిటని అడిగాను. ‘అది వేరే సరుకండీ, మూల దగ్గర పుటుక్కుమంది. గట్టిగా ఉండాలి, గట్టిగా ఉండాలి అంటారు గానీ, మాకు కావాల్సింది వంగేది. వంగాలి, విరక్కూడదు’ అన్నాడు, పని ఆపకుండానే.

ఆ మాట పట్టుకుని మిల్లుకి వెళ్లి క్వాలిటీ ఇంజనీర్ దగ్గర కూర్చున్నాం. రాడ్లకి మన దేశంలో ఐఎస్ 1786 అనే ప్రమాణం ఉంది. రాడ్ మీద ఉండే ఎఫ్‌ఈ 500 అంటే కనీస బలం చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్లు అని, అక్కడిదాకా ప్రకటనలన్నీ చెప్తూనే ఉన్నాయి. పక్కన డి అనే అక్షరం ఉంటే దాని సంగతి ఎవరూ చెప్పడం లేదు. డి అంటే సాగే గుణం. మామూలు ఎఫ్‌ఈ 500 తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, ఎఫ్‌ఈ 500డి అయితే కనీసం 16 శాతం సాగాలి. కార్బన్, గంధకం, భాస్వరం ఇంకా తక్కువ ఉండాలి. బలం రెండింటికీ 500లే, తేడా అంతా సాగడంలోనే. భూమి కదిలినప్పుడు ఇంట్లో మనుషులు బయటికి పరుగెత్తే సమయం దొరికేది ఆ సాగే గుణం వల్లే, ఎందుకంటే సాగని రాడ్ హెచ్చరిక లేకుండా తెగుతుంది.

టీఎంటీ తయారయ్యే తీరు చూస్తే ఇంకా ముచ్చటేసింది. ఎర్రగా కాలుతున్న రాడ్ రోలింగ్ నుంచి బయటికి రాగానే నీళ్ల పెట్టెలోంచి దూసుకుపోతుంది, పైపొర ఒక్కసారిగా చల్లబడి గట్టిపడుతుంది, లోపల మాత్రం ఇంకా వేడి ఉంటుంది, ఆ లోపలి వేడే మెల్లగా బయటికి వచ్చి పైపొర పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. రాడ్‌ని అడ్డంగా కోసి యాసిడ్ రాస్తే అంచున ముదురు రంగు వలయం, మధ్యలో లేత రంగు కనిపిస్తాయి. పైన గట్టి, లోపల మెత్తన. ఆ ముక్కని చేతిలో పెట్టుకుని చూస్తూ మా కాపీ రైటర్ ‘ఇది మా అక్క సార్’ అంది.

అక్కాతమ్ముళ్లు కథలోకి అలా వచ్చారు. పూర్తిగా గాల్లోంచి వచ్చిన ఆలోచన కాదు. మేం తిరిగిన సైట్లలో ఒకచోట నిజంగానే అక్కా తమ్ముడూ కలిసి తండ్రి ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుంటున్నారు, కింద అక్కకి, పైన తమ్ముడికి. మన దగ్గర ఇది వింత కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు 1985 సెప్టెంబర్ 5 నుంచి ఇస్తూ చట్టం చేశారు, దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. ఆ తరం అమ్మాయిలు ఇప్పుడు ఇళ్లు కట్టుకునే వయసులో ఉన్నారు. అయినా టీవీలో ఇల్లు కట్టేది ఎప్పుడూ తండ్రో భర్తో, ఆడవాళ్లు గృహప్రవేశం రోజు పాలు పొంగించడానికే కనిపిస్తారు. ఆ సైట్‌లో ఉన్న అక్క చేతిలో టేపు పట్టుకుని మెట్ల వెడల్పు కొలుస్తూ తమ్ముడితో వాదిస్తోంది. ఆ దృశ్యం చూసినందుకు ఈ పని మొత్తానికి నేను రుణపడి ఉన్నాను.

మా ఆఫీసులో వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది, సరైన అభ్యంతరమే. తోబుట్టువులూ ఇల్లూ అనగానే ఈ దేశంలో ప్రకటనలు చేసేవాళ్లకి గుర్తొచ్చేది అంబుజా సిమెంట్ ప్రకటన, అన్నదమ్ములు మధ్యలో గోడ కట్టుకుని, తర్వాత కలుద్దామనుకుంటే ఆ గోడ పగలక అవస్థపడేది. అంత బాగా నాటుకుపోయిన దాని పక్కన మళ్లీ తోబుట్టువులా? రెండు రోజులు దీని మీదే నలిగాం. తేల్చింది ఇంటి ప్లాన్. గోడ ఇద్దర్ని విడదీస్తుంది, సిమెంట్‌కి ఆ కథ సరిపోయింది. మా ఇంట్లో గోడ లేదు, స్లాబు ఉంది. అక్కకి పైకప్పు అయినదే తమ్ముడికి నేల. ఎంత పోట్లాడుకున్నా ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే, దాంట్లో ఉన్నది మా రాడ్. ఇది తేలాక అభ్యంతరం చెప్పినవాళ్లే స్క్రిప్టు రాయడానికి కూర్చున్నారు.

మొదటి సినిమా నలభై సెకన్లు. సాయంత్రం, స్లాబు మీద రాడ్లు అల్లి ఉన్నాయి, అక్క టేపుతో కొలుస్తోంది, తమ్ముడు ఫ్లాస్కు పట్టుకుని మెట్లెక్కి వస్తాడు.

‘నీ స్లాబుకి ఇంత రాడ్ ఎందుకక్కా?’

‘నా స్లాబేంట్రా, రేపు నువ్వు నడిచేది దీని మీదే.’

‘నేను బరువు లేను కదా.’

‘నీ పెళ్లయ్యాక మాట్లాడు.’

అక్కడి నుంచి మెట్లు ఎటు రావాలి, చిన్నప్పుడు సైకిల్ ఎవరు విరగ్గొట్టారు, అమ్మ ఎవరి దగ్గరుంటుంది, అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, గొంతులు పెరుగుతాయి. వెనక మేస్త్రీ ఒక రాడ్ తీసి మెల్లగా వంచుతున్నాడు. గుండ్రంగా తిరిగి రెండు కొసలూ పక్కపక్కకి వచ్చాక ‘వంగింది, విరగలేదు’ అంటాడు, వాళ్లతోనో రాడ్‌తోనో తెలియదు. ఇద్దరూ ఆగిపోతారు. అక్క ఒకసారి తమ్ముడి వైపు చూసి, ‘కాఫీలో చక్కెర వేశావా?’ అంటుంది. తర్వాత కంపెనీ పేరు. క్షమాపణలు లేవు, కౌగిలింతలు లేవు. అక్కాతమ్ముళ్ల గొడవ ఏ ఇంట్లోనైనా ఆగేది ఇలాగే, ఎవరో ఒకరు తిండి సంగతి ఎత్తుతారు.

మొదటి డ్రాఫ్ట్ ఇలా లేదు. అందులో మేస్త్రీ అమాయకుడు, వాళ్ల గొడవ మధ్యలో నలిగిపోయి తెల్లమొహం వేసే మనిషి. ఆఫీసులో అందరూ నవ్వారు. ఆ డ్రాఫ్ట్‌ని నేను రాజమండ్రి మేస్త్రీకి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. కాసేపాగి, ‘మమ్మల్ని అలా చూపిస్తే మీ రాడ్ మేమెందుకు చెప్తామండీ’ అన్నాడు. ఇంటివాడికి కంపెనీ పేరు చెప్పే మనిషి ఆయన, కథలో రాడ్ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి కూడా ఆయనే కావాలి కదా. తిరిగొచ్చి ఆ పాత్రని మొదట్నుంచీ రాశాం. మొత్తం ప్రయాణంలో నేను సిగ్గుపడ్డ చోటు అది, అందుకే దాచకుండా రాస్తున్నా.

నటుల ఎంపిక దగ్గర ఛైర్మన్ గారితో మళ్లీ చర్చ నడిచింది. మాకు స్టార్లు వద్దు, పక్కపక్కన నిలబెడితే ఒక కడుపున పుట్టినవాళ్లు అనిపించే నటులు కావాలి. అక్కగా సీరియళ్లలో ఇంటింటికీ తెలిసిన ఒక నటి, తమ్ముడిగా నాటకాల నుంచి సినిమాల్లోకి వచ్చి నవ్వించే పాత్రలు వేసే ఒక నటుడు. ఒకే కెమెరా ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి, స్క్రిప్టు ఇవ్వకుండా, చిన్నప్పటి గొడవ ఒకటి తెచ్చుకుని పోట్లాడుకోమన్నాం. ఆమె అతని మాట పూర్తికాకముందే సమాధానం చెప్పడం మొదలుపెట్టింది, అతను ఆమె కళ్లలోకి చూడకుండా గోడకేసి చూస్తూ వాదించాడు. నిజం అక్కాతమ్ముళ్లు అలాగే వాదిస్తారు. ఆ వీడియో చూసి ఛైర్మన్ గారు ‘మా ఇంట్లోనూ ఇంతే’ అని సంతకం పెట్టారు. సైకిల్ మాట కూడా ఆ రోజు వాళ్ల నోటి నుంచి వచ్చిందే.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి, మన దగ్గర చిన్న కంపెనీలు దీన్ని పట్టించుకోవు కాబట్టి. మొదట్లో కంపెనీవాళ్లు ‘భూకంపం వచ్చినా చెక్కుచెదరని ఇల్లు’ అన్న వాక్యం పెట్టమన్నారు. కుదరదు అన్నాం. ఇల్లు నిలబడటం డిజైన్, కాంక్రీటు, పునాది, పనితనం అన్నిటి మీదా ఉంటుంది, రాడ్ ఒక్కటే పూచీ పడలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి కంపెనీకే కాదు, అందులో సరుకు బాగుందని చెప్పిన ప్రముఖులకీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆ సరుకు గురించి తగినంత తెలుసుకున్నాకే దాన్ని మెచ్చుకోవాలి. అందుకని షూటింగ్‌కి ముందు ఇద్దరు నటుల్నీ మిల్లుకి తీసుకెళ్లాం, నీళ్ల పెట్టె దగ్గర నిలబెట్టాం, ల్యాబ్‌లో రాడ్‌ని 180 డిగ్రీలు వంచి వంపు మీద పగులు ఉందా అని చూసే పరీక్ష వాళ్ల ముందే చేయించాం. లాయర్ కోసం చేసిన పని నటనకి పనికొచ్చింది. ఆ వంపు మీద వేలు పెట్టి రాసి చూసింది ఆమె, సినిమాలో కూడా అలాగే చేసింది, మేం చెప్పకుండానే.

సినిమాలో వంగే రాడ్ నిజం రాడ్, వంచింది నిజం మేస్త్రీ, ఆ రాజమండ్రి పెద్దాయనే. గ్రాఫిక్స్ లేవు. దర్శకుడు ఆ ఒక్క షాట్‌కి పొద్దున్నంతా ఇచ్చాడు. ఆయన చేతుల మీది తుప్పు రంగు, బైండింగ్ వైరు గీతలు దగ్గరగా కనిపిస్తాయి. మేకప్ వాళ్లు తుడవబోతే నేను ఆపాను.

టీవీలో వేసే దగ్గర పెద్ద రహస్యాలేం లేవు. సాయంత్రం సీరియళ్ల మధ్యలో నలభై సెకన్లది, ఉదయం న్యూస్‌లో ఇరవై సెకన్లది, రెండు వారాల తర్వాత గుర్తుచేయడానికి పది సెకన్లది. ఆషాఢంలో, మూఢంలో ఇళ్లకి ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ వారాల డబ్బు ముందుకి జరిపాం. ఉదయం న్యూస్ ఎందుకంటే, మేస్త్రీలు టీ కొట్టు దగ్గర చూసేది అదే.

పది సెకన్లదాని దగ్గర దెబ్బతిన్నాం. అందరికీ నచ్చిన ‘నీ పెళ్లయ్యాక మాట్లాడు’ ముక్క ఉంచి, రాడ్ వంగేది తీసేసి, పేరు అతికించాం. ఖమ్మం డీలర్ ఒకరు ఫోన్ చేసి ‘మీది పెళ్లి సంబంధాల యాప్ అనుకుంటున్నారండీ’ అన్నాడు. ఆయన తమాషాకి అనలేదు, నిజంగా ఇద్దరు అలా అడిగారట. నవ్వు మిగిలింది, రాడ్ పోయింది. ఆ వారమే అది ఆపించి కొత్తది కోశాం. మాటలు ఏమీ లేకుండా రాడ్ వంగడం, ‘వంగింది, విరగలేదు’, ‘కాఫీలో చక్కెర వేశావా’, అంతే. నలభై సెకన్లది చూసినవాళ్లకి మిగతా గొడవంతా మనసులోనే నడిచింది. అప్పటి నుంచి మా దగ్గర ఏ ప్రకటన స్క్రిప్టు అయినా ముందు పది సెకన్లది రాస్తాం, అందులో సరుకు బతికి ఉంటేనే నలభైకి వెళ్తాం.

రెండో సినిమా తూకం మీద. ఇది నాకు మొదటిదానికన్నా ఇష్టం. రాడ్ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం రాడ్ మీటరుకి 0.889 కిలోలు, 12 మీటర్ల పొడవు మీద సుమారు 10.67 కిలోలు ఉండాలి, ఆ సైజుకి ప్రమాణం ఒప్పుకునే తేడా అటూ ఇటూ 5 శాతం. ముక్కల లెక్కన కొనేవాడికి తూకం తక్కువ రాడ్ చవగ్గా కనిపిస్తుంది, స్లాబులో పడే ఇనుము తగ్గిపోయిందని తెలియదు. సినిమాలో తమ్ముడు ‘లెక్క సరిపోయింది, ఎన్ని చెప్పారో అన్ని దింపారు’ అని వస్తాడు. అక్క ఒక రాడ్ తీయించి కాటా మీద పెట్టిస్తుంది, చిన్నప్పుడు జామకాయలు పంచుకునేటప్పుడు తక్కెడ పట్టుకున్నది కూడా ఈవిడేనని తమ్ముడు మేస్త్రీకి ఫిర్యాదు చేస్తాడు. కాటా మీద అంకె సరిగ్గా ఆగుతుంది. ‘ఈసారి సరిపోయింది, జామకాయలప్పుడు నువ్వే తిన్నావ్’ అంటుంది అక్క.

ఇది వెళ్లిన వారంలోనే కొందరు డీలర్లు కోప్పడ్డారు. షాపుకి వచ్చినవాళ్లు తూచమంటున్నారట, మా కంపెనీ రాడే కాదు, ఏదైనా సరే. వేరే సరుకు కూడా అమ్ముకునే షాపువాళ్లకి అది ఇబ్బందే. ఛైర్మన్ గారు సినిమా ఆపుతారేమో అని టెన్షన్ పడ్డాం. ఆయన ఆపలేదు సరికదా, డీలర్లందరికీ కాటాలు పంపించారు. ఇది మేం ఇచ్చిన సలహా కాదు, పూర్తిగా ఆయనదే, ఈ కేసులో అన్నిటికన్నా మంచి నిర్ణయం అదే అని నా అభిప్రాయం.

అమ్మకాల అంకెలు కంపెనీవి, వాటిని రాయను. ఆ సీజన్‌లో ఐరన్ రేటు కూడా కదిలింది, కాబట్టి పెరిగిందంతా ప్రకటన వల్లే అనడం న్యాయం కాదు. చూసింది మాత్రం రాస్తాను. రెండో సినిమా నడుస్తుండగా మళ్లీ అవే షాపులకి వెళ్లాం. కర్నూలులో ఒకావిడ భర్తతో వచ్చి, కౌంటర్ దగ్గర ఆవిడే ముందుకొచ్చి, ‘ఆ అక్కాతమ్ముళ్ల రాడ్ ఉందా?’ అని అడిగింది. కుర్రాడు లోపలికి వెళ్లబోయి ఆగి, ఏ కంపెనీది అమ్మా అన్నాడు. ఆవిడకి పేరు గుర్తు లేదు. ‘అదే, కాఫీలో చక్కెర’ అంది.

సంతోషమూ భయమూ ఒకేసారి వేశాయి. జనం అడుగుతున్నారు, పేరు లేకుండా అడుగుతున్నారు. పక్క షాపువాడు తన దగ్గరున్న ఏ రాడ్ అయినా అదేనని అంటగట్టొచ్చు. తిరిగొచ్చి రెండు పనులు చేశాం. సినిమా చివర పేరు వచ్చే చోట తెల్ల తెర తీసేసి, అక్క వేలితో రాడ్ మీద అచ్చయిన పేరుని చూపించే షాట్ పెట్టాం, రాడ్ మీద పేరు ఉబ్బెత్తుగా ప్రతి మీటరుకీ ఉంటుంది కాబట్టి చూసి పోల్చుకోవచ్చు. రెండోది రేకు బోర్డులు. అక్కా తమ్ముడూ వీపుకి వీపు ఆనించి అలిగి నిలబడిన బొమ్మ, కింద పెద్దగా కంపెనీ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో ‘అక్కాతమ్ముళ్ల రాడ్ ఇక్కడ దొరుకుతుంది’. మార్కెటింగ్ వాళ్లు ఆ చిన్న వాక్యం వద్దన్నారు, మన బ్రాండుకి ఒక పేరుండగా ఇంకో పేరెందుకని. ఛైర్మన్ గారు బోర్డు చేతిలోకి తీసుకుని చూసి, జనం పెట్టిన పేరు కదా, ఉంచండి అన్నారు.

మొదటి బోర్డు కర్నూలులో ఆ షాపుకే కొట్టించాం.